మంజీర యెగువనుండి వచ్చిన పారసీక సంపద

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పాత యిండ్లలో సందుగుల అడుగున నిజాము ప్రభుత్వపు కాలమునాటి కాగితములు కొన్ని యింకను గలవు. కౌలు పత్రములు, శిస్తు రశీదులు, భాగపంపకపు దస్తావేజులు మొదలగు ఆ కాగితములలో తేదీ వ్రాసినచోట జనవరి యనిగాని చైత్రమనిగాని సాధారణముగా కనబడదు. ఆజుర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దిబిహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్ అను పండ్రెండు మాసములలో ఏదో యొకటి కనబడును. ప్రక్కన ఫసలీ సంవత్సరపు అంకె యుండును. ఫసలు అనగా పంట. పంటలెక్కను బట్టి శిస్తు వసూలుచేయుటకై యేర్పడిన సంవత్సరము గనుక దానికా పేరు వచ్చినది.

ఈ మాసముల పేర్లు అరబ్బులవి గావు. ఇస్లాము పారసీకదేశమున ప్రవేశించుటకు పూర్వము, అగ్నిని పవిత్రముగా నెంచిన జరతుష్ట్రుని మతస్థులు తమ దేవతల పేర్లతో పెట్టుకొన్న మాసములివి. ఆజుర్ అనగా అగ్ని. ఆబాన్ అనగా జలములు. సంస్కృతమున 'ఆపః' అను మాటకు ఇది తోబుట్టువు. మెహర్ అనగా వేదమందలి మిత్రునికి సమానుడగు మిథ్రదేవత. బహ్మన్ అనగా సద్బుద్ధి. ఇంత ప్రాచీనమైన అగ్న్యారాధకుల మాసములు, ముసల్మాను ప్రభువుల కచ్చేరీలలో, హిందువులగు పట్వారీల చేతివ్రాతతో, మంజీర యొడ్డున వరిపండించు రైతు రశీదుమీదికి వచ్చి కూర్చున్నవి. ఇది యెట్లు సంభవించెనో తెలిసికొన గోరువారు చాల దూరము పోనక్కరలేదు. మంజీర వెంబడి కొంచెము ఎగువకు పోయిన చాలును.

ఎల్లారెడ్డికి చేరువనున్న నిజాంసాగరమును చూడని విద్యార్థి మన పాఠశాలలో నుండడు. 1923లో ఆరంభింపబడి 1931లో పూర్తియైన ఆ యానకట్టపై నిలుచుండి యెగువవైపు చూచినయెడల నీరు మాత్రమే కనబడును. ఆ నీరు బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు పట్టణమునకు చేరువగా ప్రవహించి, మెదకు సీమమీదుగా మన యొద్దకు వచ్చి, కందకుర్తివద్ద గోదావరిలో కలియుచున్నది. బీదరు నేడు కర్ణాటక రాష్ట్రములోనిది. 1956 వరకు అదియు మనమును ఒకే హైదరాబాదు రాష్ట్రమున నుంటిమి. అంతకు చాలకాలము పూర్వము, 15వ శతాబ్దమున, ఆ పట్టణము దక్కను కంతటికిని రాజధానియై పారసీకుల కవులను, శిల్పులను, వైద్యులను, వర్తకులను ఓడలపై రప్పించుకొనెను.

బీదరు రాజధాని యగుటకు ముందే యీ సంబంధము మన జిల్లాలో ఆరంభమైనది. నేటి కామారెడ్డి జిల్లా పడమటి కొన, జుక్కలు మండలమున కౌలాసు కోట గలదు. 1347లో అలాఉద్దీన్ హసన్ బహమన్ షా అనునతడు ఢిల్లీ సుల్తానులపై తిరుగబడి బహమనీ రాజ్యమును స్థాపించెను. తాను షాహ్‌నామా కావ్యమందలి ఇస్ఫందియార్ కుమారుడగు బహ్మన్ వంశమువాడనని అతడు చెప్పుకొనెను. నిజమో కాదో యెవరు పరీక్షింపగలరు? దక్కనులో రాజగుటకు పారసీక పురాణవీరుని వంశవృక్షము అక్కరకు వచ్చునని అతడు తలంచుట మాత్రము గమనింపదగినది. ఓరుగల్లును ఏలుచున్న ముసునూరి కాపయనాయకునినుండి అతడు కౌలాసును పుచ్చుకొనెను. తెలుగుసీమలో బహమనీల కాలు మొదట మోపబడిన చోట్లలో మన కౌలాసు ఒకటి.

అతని కుమారుడు మొదటి మహమ్మదు షా కాలమున, 1360లలో, మరల యుద్ధమాయెను. సంధి షరతులలో గోలకొండ కోట బహమనీలకు పోయెను. దానితోకూడ ఒక సింహాసనము పోయెను. చరిత్రకారుడగు ఫెరిష్తా దానిని గూర్చి వ్రాసియున్నాడు. ఢిల్లీ సుల్తాను మహమ్మదు బిన్ తుగ్లకునకు కానుకగా పంపుటకై తెలుగు పనివారు దానిని చేసియుండిరట. నల్లచేవ కొయ్యపై బంగారు రేకులు తాపి, ఆకాశవర్ణపు మీనా పని చేయుటచేత దానికి తఖ్తె ఫిరోజా అని పేరు వచ్చెను. ఫిరోజా యనగా పారసీకదేశపు నైషాపూరు గనులలో దొరకు నీలపు రాయి. తరువాతి రాజు లొకరివెంట నొకరు దానిపై రత్నములు తాపించుచు పోగా తుదకు ఆ నీలవర్ణమే కానరాకపోయెనని ఫెరిష్తా చెప్పుచున్నాడు. బహమనీ రాజ్యము క్షీణించినపుడు దానిని విరిచి రత్నములు ఊడదీసికొనిరి. ఒక వస్తువునకు ఇంతకన్న విచిత్రమైన చరిత్ర యుండునా! పనితనము తెలుగువారిది, వన్నె పారసీకులది, కూర్చున్నవారు వేఱు.

ఇక్కడ కొంచెమాగి, పారసీకదేశమునను మధ్య ఆసియాయందును ఆ కాలమున జరిగినదానిని సంగ్రహముగా చెప్పవలసియున్నది. అరబ్బులు పారసీకమును జయించిన పిమ్మట రెండు మూడు వందల యేండ్లు ఆ దేశపు భాషకు రాజాస్థానములలో ఆదరము తగ్గెను. బుఖారా రాజధానిగా నేలిన సామానీ రాజులకాలమున అది మరల తలయెత్తి, అరబ్బీ లిపిని ధరించి, కావ్యభాష ఆయెను. తూస్ నగరవాసియగు ఫిరదౌసి ఇంచుమించు 50,000 ద్విపదలుగల షాహ్‌నామాను 1010లో ముగించెను. 13వ శతాబ్దారంభమున చెంఘిజుఖాను సేనలు బుఖారా, సమర్ఖందు, నైషాపూరులను నేలమట్టము చేసినవి. ప్రాణములు దక్కించుకొన్న పండితులు, పనివారు అనేకులు హిందూదేశమునకు పారివచ్చిరి. విచిత్రమేమనగా, కూల్చినవారి మనుమలు, మునిమనుమలే మరల కట్టించువారైరి. 14వ శతాబ్దాంతమున తైమూరు మరల అదేవిధముగా నగరములను కొల్లగొట్టెను. కాని పట్టుబడిన నగరములలోని శిల్పులను మాత్రము చంపక సమర్ఖందునకు తోలుకొనిపోయి తన రాజధానిని నీలిగుమ్మటములతో నింపెను. అతని మనుమడు ఉలుగ్‌బేగు కత్తికన్న నక్షత్రములను మిక్కిలిగా ప్రేమించెను. సమర్ఖందున వేధశాల కట్టించి 1,018 నక్షత్రముల పట్టికను 1437లో సిద్ధపరచిన ఆ రాజును చివరకు సొంత కుమారుడే చంపించెను.

తైమూరు పనివారిని బలవంతముగా తీసికొనిపోయెను. బహమనీలు జీతమిచ్చి పిలిచిరి. పారసీకదేశమునందలి హోర్ముజు రేవునుండి ఓడలు కొంకణతీరమున దాభోలు, చౌలు రేవులకు గుఱ్ఱములతోను, గ్రంథములతోను వచ్చుచుండెడివి. బహమనీ సుల్తాను రెండవ మహమ్మదు షా షీరాజు నగరమునందలి మహాకవి హాఫిజునకు దారిఖర్చులు పంపి ఆహ్వానించెనట. ఆ కవి హోర్ముజువరకు వచ్చి ఓడ యెక్కెను. అంతలో గాలివాన పుట్టగా భయపడి దిగిపోయి, ఒక పద్యమును వ్రాసి పంపి క్షమాపణ కోరెను. మన దక్కనునకు రావలసిన మహాకవి ఒక తుపానుచేత రాకపోయెను. సముద్రమును చూడని మన విద్యార్థులు అతనిని నవ్వగూడదు.

1420లలో అహమ్మదు షా అను బహమనీ సుల్తాను రాజధానిని గుల్బర్గానుండి బీదరునకు మార్చెను. అతడు కిర్మాను ప్రాంతమందలి షా నేమతుల్లా వలీ అను సాధుపురుషుని భక్తుడు. ఆయనను రమ్మని వేడగా ఆయన వృద్ధుడగుటచే మనుమని పంపెను. 1431లో ఆయన గతించిన పిమ్మట కుమారుడు ఖలీలుల్లా బీదరునకే వచ్చి స్థిరపడెను. ఆయన సమాధి నేటికిని బీదరు వెలుపల చౌఖండీ యను పేరున నున్నది. సంపద ఒక్కవైపే ప్రవహించినదని తలపకుడు. ఇరానులో మాహాను అనుచోట ఆ సాధువు సమాధిపై నున్న మందిరమును కట్టించినవాడు ఈ బీదరు సుల్తానే. 1436లో అది పూర్తియాయెను. దక్కను రైతుల శిస్తుసొమ్ము కిర్మాను ఎడారియంచున గుమ్మటమై నిలిచినదన్నమాట. అహమ్మదు షా సమాధి బీదరు దగ్గర అష్టూరులో గలదు. దాని లోపలిగోడలపైని, కప్పుపైని పారసీక పుస్తకములను అలంకరించు పద్ధతిలో రంగులు, బంగారుపూత, లిపిచిత్రములు గలవు. ముసల్మానులతని వలీ యందురు. లింగాయతులు అల్లమప్రభువని యెంచి, అక్కడ జరుగు ఉత్సవమునకు వచ్చెదరు.

ఇక బీదరు చరిత్రలో మిక్కిలి గొప్పదియు, మిక్కిలి దుఃఖకరమైనదియు అగు కథకు వత్తము. కాస్పియను సముద్రతీరమున గీలాను సీమకు చెందిన మహమూదు గవాను అను వర్తకుడు 1453 ప్రాంతమున దక్కను చేరెను. అతనికప్పటికి నలువదియేండ్లు దాటినవి. సరకులమ్ముకొని పోవలెనని వచ్చినవాడు సుల్తాను కొలువులో ప్రవేశించి, క్రమముగా ప్రధానమంత్రియాయెను. రాష్ట్రాధిపతుల యధికారములను తగ్గించుటకై నాలుగు పెద్ద రాష్ట్రములను ఎనిమిదిగా విభజించెను. ఒక్కొక్క యధిపతిచేతిలో ఒక్క కోటమాత్రముంచి తక్కినవానిని సుల్తానుకు లోబరచెను. భూములను కొలిపించెను. 1472లో గోవాను గెలిచెను. అయినను అతని పేరు నిలిచినది ఈ జయములచేత గాక, అదే సంవత్సరమున బీదరులో పూర్తియైన మదర్సా చేతనే.

ఈ మదర్సా ఇంచుమించు 205 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు గల మూడంతస్తుల భవనము. నడుమ పెద్ద ముంగిలి. నాలుగు ప్రక్కలను ముంగిలివైపు తెరచియున్న యెత్తైన కమానుగదులు. చుట్టును విద్యార్థుల గదులు. సమర్ఖందున ఉలుగ్‌బేగు కట్టించిన మదర్సాను, ఖురాసానులోని పాఠశాలలను చూచినవారు ఇదియు ఆ కుటుంబములోనిదేయని వెంటనే చెప్పగలరు. మూడువేల వ్రాతపుస్తకములు అందుండెనట. విద్యార్థులకు చదువుతోపాటు అన్నవస్త్రములును ఉచితముగా లభించెడివి. బోర్డింగు పాఠశాలలో చదువు మన పిల్లలకు ఇది క్రొత్తసంగతి కాదు. కాని ఆ కాలమున, ఈ సీమలో, ఇది యెంత గొప్ప యేర్పాటో ఆలోచింపుడు.

ఆ గోడల వెలుపలిభాగమున కనబడు నీలము, ఆకుపచ్చ, తెలుపు, పసుపు పెంకుల పని యెట్లు చేయుదురో చెప్పెదను. మట్టిపలకలపై గాజువంటి పూత పూసి ఆవమున కాల్చుదురు. ఆ పూతలో రాగి కలిపి, క్షారమెక్కువగా నుంచినచో ఫిరోజా రంగు వచ్చును. అదే రాగిని సీసముగల పూతలో కలిపినచో పచ్చనగును. చిక్కని నీలమునకు కోబాల్టు, తెలుపునకు తగరము కావలెను. ఒక్కొక్క రంగునకు వలసిన వేడి వేఱగుటచే, నేర్పరులగు పనివారు ఒక్కొక్క రంగు పలకను విడివిడిగా కాల్చి, పిదప చిన్న ఉలితో పువ్వురేకులుగను, ఆకులుగను, అక్షరములుగను చెక్కి, ముఖము క్రిందికుండునట్లు పేర్చి, వెనుకనుండి గచ్చుపోసి అతుకుదురు. అది గట్టిపడిన పిమ్మట మొత్తము పలకను ఎత్తి గోడకు తాపుదురు. ఒక్క చేరెడు జాగాలో పదులకొలది ముక్కలుండును. వానలు తక్కువగు సమర్ఖందున ఈ పని బాగుగా నిలుచును. మన సీమలో నాలుగు నెలల వర్షము గచ్చులోనికి చొచ్చి పెంకులను వదలించును. ఈ విద్యను తెచ్చినవారు వర్షమును తగినంతగా లెక్కింపలేదని నా యభిప్రాయము.

అయినను ఆ మదర్సాను సగము కూల్చినది వర్షము గాదు. ఔరంగజేబు బీదరును జయించిన తరువాత దానిలో సిపాయిలను, మందుగుండును ఉంచిరి. 1696లో పిడుగు పడి ఆ మందు అంటుకొనెనని చెప్పుదురు. ముందుభాగమున నున్న రెండు మీనారులలో నొకటియు, ద్వారమును, దక్షిణపు భాగమును కూలిపోయినవి. మిగిలినది ఒక మీనారు. ఇంచుమించు 131 అడుగుల ఎత్తుగల ఆ మీనారుపై అక్కడక్కడ పెంకులు నేటికిని మెరయుచున్నవి. హైదరాబాదు సంస్థానపు పురాతత్త్వశాఖకు మొదటి యధికారియైన గులాం యజ్దానీ ఈ కట్టడములను మరమ్మతు చేయించి, 1947లో బీదరును గూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. ఆయన శ్రద్ధలేకున్న మన కీపాటియు మిగిలియుండెడిది కాదు.

మదర్సా కట్టించినవాని గతి యేమాయెను? బహమనీ కొలువున రెండు కక్షలుండెను. తరములనుండి ఇచ్చట నున్న ముసల్మానులు దక్కనీలు; పారసీకమునుండియు, తుర్కిస్తానమునుండియు క్రొత్తగా ఓడలపై వచ్చినవారు ఆఫాఖీలు. వచ్చినవారికి పెద్ద జీతములు, పెద్ద పదవులు, ఉన్నవారికి మనస్తాపము. గవాను స్వయముగా ఆఫాఖీయైనను పదవులను ఇరుకక్షలకును సమముగా పంచియిచ్చుటకు యత్నించెను. అట్టి మధ్యస్థునకు ఇరువైపుల శత్రువులు పుట్టుట సహజము. మలిక్ హసను మొదలగు దక్కనీ నాయకులు గవాను ముద్రాధికారిని మచ్చికచేసి, ఖాళీ కాగితముమీద మంత్రి ముద్ర వేయించుకొనిరి. ఆ కాగితముపై ఒరిస్సా గజపతిరాజును దండెత్తిరమ్మని పిలుచు ఉత్తరము వ్రాసి సుల్తానునకు చూపిరి. మూడవ మహమ్మదు షా అప్పుడు కొండపల్లి దండులో నుండెను. మంత్రిని పిలిపించి, ముద్ర నీదేనా యని యడిగెను. ముద్ర నాదే, వ్రాత నాది గాదని యతడు చెప్పెను. విచారణ లేదు, సాక్షులు లేరు. 1481 ఏప్రిలు 5వ తేదీన, డెబ్బదియేండ్ల ఆ వృద్ధుని అక్కడనే నరికిరి. నేడు బొమ్మలకు ప్రసిద్ధికెక్కిన మన కొండపల్లియే యది.

తరువాత అతని ధనము జప్తుచేయబోగా, చెప్పుకొనదగిన నిధి యేదియు కనబడలేదు. తన వర్తకపు లాభముతో తాను భుజించుచు, మట్టిపాత్రలలో తినుచు, చాపపై పండుకొనుచు, ప్రభుత్వపు సొమ్మును ధర్మకార్యములకు పంచినాడని ఫెరిష్తా వ్రాసెను. మోసము తెలిసి సుల్తాను పశ్చాత్తాపపడి, మరుసటి సంవత్సరముననే మరణించెను. కొలది కాలములోనే బహమనీ రాజ్యము ఐదు ముక్కలాయెను. స్థానికుడా, పరదేశియా అను వాదము ఒక మనిషి పనిని చూడనీయదు; బీదరులో ఆ వాదము ఒక వృద్ధుని చంపి, పిదప రాజ్యమునే చంపినది.

బీదరులో మరి రెండు పనులు చూడదగినవి. మొదటిది నౌబాదు దగ్గర భూమిక్రింద త్రవ్విన కరేజు. ఎత్తైన భూమిలో ఊటనీటిని కనుగొని, కొద్దిపాటి వాలుతో సొరంగము త్రవ్వి, నడుమ నడుమ గాలికిని, పూడిక తీయుటకును బావులవంటి నిలువు రంధ్రములుంచి, యంత్రమేమియు లేకయే నీటిని పట్టణమునకు నడపుదురు. ఎండకు నీరు ఆవిరి కాదు. ఎడారిదేశమగు ఇరానులో వేలయేండ్లనాటి యుపాయమిది. మన కాకతీయుల చెరువులు ఆకాశపు నీటిని పట్టును. పారసీకుల కరేజు పాతాళపు నీటిని తెచ్చును. రెండును ఒకే సీమలో చేరుట మన భాగ్యము.

రెండవది బిదరీ పని. జస్తములో కొంచెము రాగి కలిపి పోతపోసి, దానిపై ఉలితో లతలను చెక్కి, ఆ చాళ్లలో వెండితీగెను సుత్తితో కొట్టి నింపుదురు. పిదప బీదరు కోటలోని మట్టిని నవాసాగరముతో కలిపి మరిగించి పూయగా లోహము నల్లబడును. వెండి మాత్రము నల్లబడదు. రసాయనశాస్త్రము చదువు పై తరగతివారు దీని కారణమును తమ యుపాధ్యాయుని అడుగుదురు గాక. వెండి పొదుగుట పారసీకదేశపు విద్య. జస్తమును ఖనిజమునుండి బట్టీపట్టి తీయు విద్య హిందూదేశమునది. రాజస్థానమందలి జావరు గనులలో అది పూర్వమునుండి యున్నది. ఈ రెండును కలిసిన పాత్రకు బీదరు పేరే వచ్చినది.

గోలకొండ కథ అందరెరిగినదే గనుక త్వరగా చెప్పెదను. హమదాను ప్రాంతమునుండి వచ్చిన సుల్తాన్ కులీ అను తుర్కమాను యువకుడు బీదరు కొలువులో చేరి, తెలంగాణమునకు అధికారియై, కుతుబ్‌షాహీ వంశమునకు మూలపురుషుడాయెను. అతని కుమారుడు ఇబ్రహీము అన్నకు భయపడి విజయనగరమున అళియ రామరాయల యొద్ద ఏడేండ్లు తలదాచుకొనెను. తిరిగివచ్చి 1550 మొదలు 1580 వరకు ఏలిన ఆ ఇబ్రహీమే తెలుగుకవుల మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును అతనికే అంకితమిచ్చెను. పటాన్‌చెరువులో అతని యుద్యోగియగు అమీనుఖానునకు పొన్నగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును అంకితమొసగెను. సంస్కృతసమములు లేకుండ అచ్చ తెలుగున వ్రాయబడిన మొదటి కావ్యమది. పారసీక కావ్యములకు అలవడిన కొలువున అచ్చ తెలుగునకు పట్టాభిషేకము జరుగుట మనసున నుంచుకొనదగిన విషయము.

ఇబ్రహీము కుమారుడు మహమ్మదు కులీ 1591లో హైదరాబాదు నగరమును నిర్మించెను. నగరపు నక్షాను వేసినవాడు అస్తరాబాదునుండి వచ్చిన మంత్రి మీర్ మోమిను. నాలుగు త్రోవలు కలియు చోట చార్మినారును నిలిపి, నాలుగు దిక్కులకును వీధులు సాగదీయుట పారసీకుల చారుబాగు తోటను పట్టణముగా మార్చుటయే. హైదరాబాదు ఇస్ఫహాను నగరమునకు నకలని పలువురు వ్రాయుదురు. షా అబ్బాసు తన రాజధానిని ఇస్ఫహానునకు మార్చినది 1598లో. చార్మినారు అప్పటికి ఏడేండ్ల వయస్సుది. ఇద్దరును ఒకే గురువువద్ద చదువుకొన్నారనుట యుక్తముగాని, చిన్నవానిని చూచి పెద్దవాడు కాపీ కొట్టెనని చెప్పరాదు. చార్మినారునకు చేరువనున్న బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో 1611నాటి పెంకుల పని యున్నది. 1908లో మూసీ వరద లోపలికి చొచ్చి గోడల క్రిందిభాగపు పెంకులను చెఱచినది. పైభాగమున నాటి వన్నె చెక్కుచెదరక యున్నది. బీదరులో చూచినదానికి తోబుట్టువును ఇక్కడ చూడవచ్చును.

కట్టడములు కూలును. మాటలు అంత సులభముగా కూలవు. నిజాము రాజ్యమున 1884 ప్రాంతమువరకు పారసీకమే కచ్చేరి భాష. అంతకుముందే, శ్రీనాథుని కాలముననే, పారసీకమున ఉత్తరములు వ్రాయగల తెలుగు మంత్రులుండిరి. బెండపూడి అన్నయమంత్రి యా నేర్పును శ్రీనాథుడు భీమేశ్వరపురాణమున పొగడెను. నేడు మనము దరఖాస్తు పెట్టుదుము, ఫిర్యాదు చేయుదుము, దుకాణమునకు పోవుదుము, బజారులో తిరుగుదుము, రోజులు లెక్కింతుము. అవి యన్నియు ఆ దారినే వచ్చినవి. పారసీకమున దస్త్ అనగా చేయి. సంస్కృతమున హస్తమునకు చుట్టము. దానినుండి దస్తావేజు, దస్తఖతు, మన జేబులోని దస్తీ పుట్టినవి. ఆబ్ అనగా నీరు. గుల్ అనగా పువ్వు. రెండును కలిసి గులాబి. 'దారు' అనునది పట్టుకొనువాడని యర్థమిచ్చు ప్రత్యయము. జమీందారు, జాగీరుదారు, తహసీలుదారులతో అది వచ్చినది. ఆ ప్రభువులు పోయిరి, ప్రత్యయము పోలేదు. కొనుగోలుదారు అను మాటలో కొనుగోలు అచ్చ తెలుగు, దారు పారసీకము. దానిని పలుకునపుడు పరభాష పలుకుచుంటినని యెవరికిని తోచదు. మాటయొక్క నిజమైన పౌరసత్వము ఇట్టిదే.

మన మిషను పాఠశాలవారికి మరి దగ్గరైన మాట యొకటి గలదు. తెలుగు బైబిలులో, లూకా సువార్తయందు, సిలువపై నున్న దొంగకు ప్రభువు వాగ్దానము చేసిన చోటి పేరు పరదైసు. గ్రీకునుండి వచ్చినదైనను ఆ మాట మూలము ప్రాచీన పారసీకము. చుట్టును గోడకట్టిన తోట యని యర్థము. ఎండిన దేశమున నీరును నీడను కలిగిన తోటను మించిన స్వర్గమును వారు ఊహింపలేకపోయిరి. పారసీక భాషయందు క్రొత్తనిబంధనను అనువదించిన హెన్రీ మార్టిను హిందూదేశమున చాప్లెనుగా పనిచేసినవాడే. 1811లో షీరాజు చేరి, అక్కడి పండితుడొకని సహాయముతో పని ముగించి, స్వదేశమునకు పోవుచు 1812లో తోకాతు అను ఊరిలో 31 సంవత్సరముల వయస్సున గతించెను. హాఫిజు రానొల్లని సముద్రమును దాటి ఈయన హాఫిజు ఊరికి పోయెను.

మెదకులో 1914 మొదలు 1924 వరకు కట్టబడిన మన పెద్ద దేవాలయమును ఇంగ్లండు దేశపు కళయని యెవరైన అనినచో మనమొప్పుకొందుమా? రాయి ఇక్కడిది, కఱవుకాలమున కూలిపని దొరికి బ్రదికిన చేతులు ఇక్కడివి, ప్రార్థించువారు ఇక్కడివారు. బీదరు మదర్సాను గూర్చి బీదరు వారును అదే చెప్పుదురు.

బీదరునకు విహారయాత్ర పోవు విద్యార్థులు ఉదయమే మదర్సా చేరవలెను; ఎండ ముదిరినచో పెంకుల రంగు కన్నులకు ఆనదు. అక్కడినుండి చౌఖండీ, అష్టూరు సమాధులు చూచి, మధ్యాహ్నమున కోటలోని రంగీన్ మహలులో నల్లరాతిలో ముత్యపుచిప్ప పొదిగిన పనిని చూడవచ్చును. తిరిగి వచ్చిన పిమ్మట తమ తాతల పెట్టెలను అడిగి తెరిపింపవలెను. ఆ కాగితములలో పెక్కింటిని చదువగలవారు ఇండ్లలో లేకపోవుటచేత చెదలకు ఆహారమగుచున్నవి. తేదీ తెలిసికొనుటకు సులువైన లెక్క యిది: ఫసలీ అంకెకు 590 కలుపుడు. అక్టోబరు ఆరంభమున వచ్చు ఆజురు మొదటి మాసము. ఇరానులో వసంతముతో నూతన సంవత్సరమును తెచ్చు ఫర్వర్దీ మనవద్ద ఐదవ మాసమై ఫిబ్రవరిలో వచ్చును. జనవరి వచ్చినది మొదలు మరియొకటి కలుపవలెను. అమర్దాద్ 1340 ఫసలీ అని యున్నదనుకొనుడు. అది 1931 జూను. నిజాంసాగరము పూర్తియైన సంవత్సరమది.